ప్లాటు మూలన గుడిసె

రామలింగేశ్వరరావు లేఅవుట్ పటం చేతబట్టుకుని వెతుక్కుంటూ కిష్టారెడ్డిపేట చేరేసరికి, తన ప్లాటులో ఒక ముసలావిడ మేకకు ఆకులు వేస్తోంది.

మూలన గుడిసె. ముందు కట్టెల పొయ్యి, కుండ.

ఆయనకు ఒళ్లు మండిపోయింది.

పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ మేనేజరుగా పనిచేసి రెండు నెలల కిందటే రిటైరయ్యాడు. భార్య సుమిత్రతో కలిసి ఓడలో ప్రపంచమంతా చుట్టి రావాలన్నది ఆయన ఏనాటి కోరికో. ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీ టికెట్లకు సరిపోతాయి. వీసాలకు, రేవుల్లో దిగి ఊళ్లు చూడ్డానికి, గది సర్దేవాళ్లకిచ్చే టిప్పులకు ఈ ప్లాటే ఆధారం.

"టిప్పు తక్కువిస్తే ఓడలో చిన్నచూపు చూస్తారట. మనం అలా చులకన కాకూడదు," అన్నాడు పొద్దున సుమిత్రతో.

ఎనభై ఆరులో ఒక ఏజెంటుకు డబ్బిచ్చి, ప్లాటు కాగితాలు ఇంటికే తెప్పించుకున్నాడు. కొన్న చోటికి రావడం ఇదే మొదలు.

"ఏయ్, ఎవరు నువ్వు? ఎవర్నడిగి వేశావీ గుడిసె?"

ముసలావిడ లేచి, కళ్లు చికిలించి చూసింది.

"మీరేనా రామలింగేశ్వరరావు సారు?"

తన పేరు ఆవిడ నోట వినడమే ఆయనకు నచ్చలేదు. కబ్జా చేసేవాళ్లు ముందే అన్నీ ఆరా తీసి కూర్చుంటారు, అనుకున్నాడు.

"నేనే. అయితే ఏంటి?"

"మంచిగైంది సారు, వచ్చిన్రు. నా పేరు బీరమ్మ. గీ భూమి..."

"ఈ భూమి నాది. నీ కథలు నాకొద్దు. రేపటికల్లా ఖాళీ చెయ్యాలి."

"రేపటిదాక ఎందుకు సారు. ఇప్పుడే పోత."

గొడవ చేస్తుందనుకున్నాడు. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. ఆవిడ ముళ్లకంప పక్కకు జరిపి, హద్దు రాళ్లు ఒక్కొక్కటీ చెయ్యి పెట్టి చూపించింది.

"సక్కగ సూసుకోండ్రి సారు. నాలుగు ఉన్నయి."

"నా రాళ్లు నాకే చూపిస్తావేంటి?"

"ఇగ జల్దీ గోడ కట్టుకోండ్రి. లేకుంటే ఎవరన్న మనిషిని పెట్టుండ్రి. ఖాళీగ ఇడిస్తే మంచిగుండదు."

ఇదన్నమాట అసలు సంగతి. కావలికి తననే పెట్టుకోమంటోంది. ఆయన జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి, చెయ్యి తగలకుండా రెండు వేళ్లతో చాచాడు.

"ఇది తీసుకో. మళ్లీ ఈ చుట్టుపక్కల కనిపించకు."

బీరమ్మ నోటు వంక చూసి తల అడ్డంగా ఊపింది. కుండ, బట్టల మూట నెత్తికెత్తుకుని, మేకను తోలుకుని రోడ్డెక్కింది.

"యాభై కంటికి ఆనలేదు మహారాణికి," అన్నాడు ఇంటికొచ్చి.

"పాపం ముసలావిడ. ఎక్కడికెళ్లిందో," అంది సుమిత్ర.

"ఇలాంటి జాలి వల్లే దేశం ఇలా తగలడింది."

మర్నాడే కూలీలతో గుడిసె పీకించాడు. ఆ తర్వాత ఆయనకు తీరిక లేదు. పాస్‌పోర్టులొచ్చాయి, ఊలు కోట్లు కుట్టించారు, ఓడ టికెట్లకు అడ్వాన్సు కట్టారు.

నెల తిరిగేసరికి కొనేవాడు దొరికాడు. కారులో తీసుకెళ్లి చూపించబోతే, ప్లాటున్న చోట ఆరడుగుల ప్రహరీ, ఇనుప గేటు కనిపించాయి. లోపల ఇద్దరు మనుషులు కుర్చీలేసుకుని కూర్చున్నారు.

"ఇది నా ప్లాటయ్యా!"

"గట్లనా? నీ హద్దు రాయి యాడుందో సూపియ్యి," అన్నాడొకడు, నవ్వుతూ.

కొనేవాడు వెళ్లి కారులో కూర్చున్నాడు.

పోలీసులు కోర్టుకు వెళ్లమన్నారు. ఇన్నేళ్లూ భూమి మీ చేతుల్లోనే ఉందని చెప్పే సాక్షి ఎవరైనా ఉన్నారా, అని వకీలు అడిగాడు.

రామలింగేశ్వరరావు వెళ్లి, ప్లాటుకు ఎదురుగా చాయ్ హోటల్ నడిపే యాదన్నను పట్టుకున్నాడు.

"బీరమ్మ ఉన్నన్ని దినాలు ఒక్కడు గూడ లోపల కాలు పెట్టలే సారు," అన్నాడు యాదన్న. "అటుపక్క ప్లాట్లన్నీ ఎప్పుడో పోయినయి. కబ్జాగాళ్లు ఆమెను కొట్టిన్రు, చెయ్యి ఇరిగింది. లేసిపోతె ఇంటిజాగ ఇస్తమన్నరు. గిది రామలింగేశ్వరరావు సారుది, సారొస్తడు అని ఆమెది గదే మాట."

"ఇప్పుడెక్కడుంది?"

"జిన్నారంల. చెల్లె దగ్గర."

దారిలో ఆయన ఒక చవక చీర కొన్నాడు. చీర చేతిలో పడితే చెప్పమన్నదల్లా చెబుతుంది, ఇలాంటివాళ్లకు అంతకన్నా ఏం కావాలి, అనుకున్నాడు.

చెల్లెలు మల్లవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"మీ అక్కను పిలువు. ప్లాటు సారొచ్చాడని చెప్పు."

"అక్క పోయి పది దినాలాయె సారు. జరమొచ్చింది, తగ్గలే."

ఆయనకు ముందు విసుగే వచ్చింది. ఇప్పుడే పోవాలా, అనుకున్నాడు. తర్వాత చేతిలో ఉన్న చీరను ఏం చెయ్యాలో తోచలేదు.

"నా ప్లాటు కోసం దెబ్బలు తిన్నదట," అన్నాడు. "కావలికి నేను పెట్టలేదు. జీతమివ్వలేదు. మరెందుకట?"

మల్లవ్వ తలెత్తి ఆయన్ను నిదానంగా చూసింది.

"నేను గూడ గదే అడిగిన సారు. నా దగ్గరికి రావే అని ఎంత పిలిచినా, 'మా ఆయిన, నేను కలిసి అమ్మిన భూమి గద, పైసలు తీసుకున్నం, ఆ సారొచ్చినంక అప్పజెప్పకుంట ఎట్లస్తనే' అంటుండె."