ఎర్ర కారు సర్వీసింగు

ఎర్ర కారు ముందు చక్రం ఊడదీసి చూడగానే ఖాజా మొహిద్దీన్ ప్రాణం ఉసూరుమంది.

లోపలంతా తడి. బ్రేకు ఆయిలు కారుతోంది. రబ్బరు వాషర్లు అరిగిపోయాయి. అవి మార్చాలంటే మొత్తం విప్పాలి, బిగించాలి, గొట్టాల్లో గాలి తీయాలి. అదంతా అయ్యేసరికి ఇందుకూరుపేట బస్సు వెళ్లిపోతుంది.

ఆ బస్సు ఎక్కి తీరాలి. కండక్టరు వెంకయ్య షెడ్డు ముందు బస్సు ఆపి మరీ కబురు చెప్పిపోయాడు. పుట్టింట్లో ఉన్న మెహబూబున్నీసాకు నొప్పులు మొదలయ్యాయట. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు ఖాజా మద్రాసులో ఉన్నాడు. వచ్చేసరికి బిడ్డను మట్టి చేసేశారు. ఈసారి పక్కనే ఉంటానని భార్యకు మాటిచ్చాడు.

కారు రెండు సీట్లది, పైకప్పు లేనిది. మద్రాసులో ఎవరో సినిమా నిర్మాత వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు. ఇప్పుడు తోలుతున్నది ఒక ఆడమనిషి. ఎవరో ఏమో, షెడ్డులో ఎవరికీ తెలియదు. నెల్లూరికి కొత్త. జట్కాలను, సైకిళ్లను పక్కకు తరుముతూ ట్రంకు రోడ్డు మీద దూసుకుపోవడం మాత్రం అందరూ చూశారు.

క్లచ్చి పెడలు నున్నగా అరిగింది. టైర్లు గుండు కొట్టినట్టున్నాయి. హారను బొత్తాం మీద రంగే లేదు.

"జనాలు తప్పుకోవాల, మహారాణి పోవాల. అంతే," అన్నాడు తోటి మెకానిక్కు రమణయ్య.

బండి రాత్రికి వదిలి వెళ్లమంటే ఆమె ఒప్పుకోలేదు. బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు, అవి బాగుచేస్తే చాలు, మిగతావి ఇంకోసారి చూసుకుందామంది. తర్వాత బల్ల మీద కూర్చుని, గోడకు తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. రాత్రంతా క్లబ్బులో పేకాడి వచ్చుంటుందని రమణయ్య గొణిగాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఖాజా బస్టాండు వైపు ఒకసారి చూశాడు. గుడ్డ తీసుకుని చక్రం లోపలి తడి తుడిచేశాడు. అరిగిన వాషర్లను అట్లాగే ఉంచాడు. బ్రేకు డబ్బాలో ఆయిలు నిండా పోశాడు. చక్రం ఎక్కించి పెడలు తొక్కి చూశాడు. రాయిలా నిలబడింది.

"అది నిలబడదు ఖాజా," అన్నాడు రమణయ్య. "నిదానంగా పోయేవాళ్లకైతే సరే. ఈమె తోలుడు చూసినావు గదా."

"రెండు పొద్దులు నిలబడితే చాలన్నా. తిరిగొచ్చినాక నేనే పిలిపించి మార్చిపెడతా. ఆడ నా పెండ్లాం నొప్పులు పడతా ఉంటే, ఈమె షికార్ల కోసం నేనీడ కూర్చోవాల్నా?"

రమణయ్య పానా తీసుకుని పక్క బండి దగ్గరికి పోయాడు.

అంతలో ఆమెకు ఫోను వచ్చిందని గుమాస్తా కేకేశాడు. ఉలిక్కిపడి లేచి లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేటప్పుడు దాదాపు పరుగు.

"బ్రేకుల పని అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఏమన్నా మిగిలుంటే చెప్పు. నిదానంగా పోతాను."

ఖాజా ఆమె మొహంలోకి చూశాడు. "అన్నీ కొత్తవి వేసినా. ఎంత స్పీడుగానైనా పోండమ్మా."

ఎర్ర కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. మైపాడు బీచికి ఎవరో పిలిచుంటారన్నాడు రమణయ్య. ఖాజా చేతులు కడుక్కుని పరుగెత్తి బస్సు అందుకున్నాడు.

ఇందుకూరుపేట ఇంకా కొంత దూరం ఉందనగా కాలువ మలుపులో బస్సు ఆగింది. రోడ్డు మీద బర్రెలు, జనం. కాలువలో ఎర్ర కారు చక్రాలు పైకెత్తి పడి ఉంది. గట్టు మీద ఆమెను పడుకోబెట్టారు. చీర నిండా బురద, నెత్తురు.

బర్రెలు అడ్డం వచ్చాయట. కారు ఆగకుండా వచ్చి కాలువలోకి దూకిందని వాటిని తోలుకుపోతున్న ఓబయ్య చెబుతున్నాడు. ఆమెకు ఇంకా ఊపిరి ఆడుతోంది. బస్సును వెనక్కి తిప్పి నెల్లూరు తీసుకుపోదామన్నారు ప్రయాణికులు. వెంకయ్య డ్రైవరు వైపు చూశాడు.

ఖాజా కిటికీలోంచి తల లోపలికి తీసుకున్నాడు. కారును ఎవరైనా విప్పి చూస్తారా? చూడరు. కాలువలో పడ్డ బండిలో కారిన ఆయిలు ఎవడికి కనపడుతుంది? బస్సు ముందుకు కదిలితే చాలు.

"ఆమె తోలుడే అంతన్నా, నేనెరుగుదును," అన్నాడు ఖాజా, వెంకయ్య చెయ్యి పట్టుకుని. "బస్సు తిప్పొద్దు. నా పెండ్లాం సంగతి నువ్వే గదా చెప్పినావు. వెనకాల వడ్ల లారీ ఏదో ఒకటి వస్తాది. దాంట్లో వేసుకుపోతార్లే."

వెంకయ్య తటపటాయించాడు. చివరికి ఈల ఊదాడు. బస్సు కదిలింది. ఖాజా వెనక్కి తిరిగి చూడలేదు.

అత్తగారి ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. లోపలి నుంచి మెహబూబున్నీసా మూలుగు సన్నగా వినిపిస్తోంది. బతికే ఉంది. తను మాట నిలబెట్టుకున్నాడు. ఖాజా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్త సైదాబీ పరుగున ఎదురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందని, మంత్రసాని చేతులెత్తేసిందని చెప్పింది. చెబుతూనే అతని భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తోంది.

"పోస్టాఫీసు నుంచి పెద్దాసుపత్రికి ఫోను చేయిస్తే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అప్పుడే బయల్దేరిందన్నారు నాయనా, దారిలో నీకు ఎర్ర కారేమన్నా కనపడిందా?"