నాలుగో అంచు

ఆ మనిషి కుట్టిన కార్డుకు ఆ గురువారం కూడా మూడంచులే ఉన్నాయి.

నాలుగో అంచు తెరిచే ఉంది. దాని చివర జానెడు దారం, దారం కొసన గుడ్డకే గుచ్చి వదిలిన సూది.

అక్క సూది తీసి, ఆ అంచు తనే కుట్టి, ముడి వేసి, దారం కొరికింది.

టైలర్ షాపులో అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. తండ్రి పోయాక షాపు ఆమే నడుపుతోంది. గురువారం మధ్యాహ్నం మిషన్లు ఆపి, మిగిలిన గుడ్డముక్కలతో పోస్టుకార్డులు కుట్టిస్తుంది. అట్ట మీద గుడ్డ పరిచి, పువ్వో పిట్టో కుట్టి, నాలుగంచులూ మడిచి కుడితే ఒక కార్డు. వెనక రెండు మంచి మాటలు రాసి, సంచిలో వేసి, గాయపడ్డ సైనికులున్న ఆసుపత్రికి పంపుతారు.

ఆ ఆసుపత్రిలోనే ఆమె తమ్ముడున్నాడు.

మిషను వదిలి సైన్యంలో చేరతానన్న రోజున, వెళ్తే ఇక నాకు తమ్ముడు లేడనుకుంటానని ఆమె నోరు జారింది. అతను వెళ్ళాడు. దెబ్బ తగిలిందని కబురొచ్చి నాలుగు నెలలయింది. ఆసుపత్రివాళ్ళను అడిగితే క్షేమమే అంటారు. చూడ్డానికి వస్తానంటే ఇంకా ఎవరినీ రానివ్వడం లేదంటారు. అతని దగ్గర్నుంచి మాత్రం ఒక్క అక్షరం లేదు.

క్షేమంగా ఉన్నవాడు ఎందుకు రాయడు? ఆ మాట ఇంకా మనసులో పెట్టుకున్నాడా?

ఆ మనిషి రెండు నెలల కిందట వచ్చాడు. కణతలు నెరిసి ఉన్నాయి. కుడి చెయ్యి జేబులోంచి తీయలేదు.

"అక్కా, మీ తమ్ముడికి పంపే కార్డు నేను కుడతాను" అన్నాడు.

తనకన్నా పదేళ్ళు పెద్దవాడు అక్కా అనడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. తమ్ముడి సంగతి ఎలా తెలుసని అడిగితే, వీధిలో అందరికీ తెలిసిందేగా అన్నాడు. అదీ నిజమే. షాపులో కాజాలు కుట్టే పిన్నికి తెలిసిన సంగతి వీధికి తెలియకుండా ఉండదు.

కార్డును మోకాళ్ళ మధ్య బిగించి, ఎడమ చేత్తో కుట్టేవాడు. మూడంచులు కాగానే సూది గుచ్చి లేచిపోయేవాడు. అడిగితే ఒక ముక్క, అడక్కపోతే అదీ లేదు.

"కుడి చెయ్యి అరిగిపోతుందని జేబులో దాచుకున్నాడే మన మూడంచుల మేస్త్రి" అనేది పిన్ని.

అక్కవాళ్ళ ఇంట్లో అంచు వదిలెయ్యడం చిన్న తప్పు కాదు. చేతిలో అంచు పూర్తయ్యేదాకా తండ్రి పిల్లలిద్దర్నీ కంచం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఆకలికి ఏడుస్తూ వాళ్ళు కుట్టిన అంచులెన్నో. ఇప్పటికీ దారినపోయేవాళ్ళ బట్టకు అంచు ఊడి కనిపిస్తే అక్క చేతులు ఊరుకోవు. అందుకే ప్రతివారం ఆ నాలుగో అంచు తనే కుట్టేది. అయినా గాయపడ్డవాడికి ఎవరైనా సూది పంపుతారా?

తొమ్మిదో గురువారం ఆగలేకపోయింది.

"మీకు కుట్టడం రాదా, కుట్టబుద్ధి కాదా?"

"ఆ అంచు అలాగే పంపండక్కా."

"ఎందుకు?"

ఆయన సూదిని గుడ్డకు గుచ్చాడు.

"చెప్పకూడదు" అన్నాడు.

"అసలే వాడు అలిగి ఉన్నాడు. వాడికి సగం పని పంపి ఇంకా నొప్పించలేను. ఇక మీరు రాకండి."

ఆయన తల ఊపాడు. ఆమె విసురుగా మిషను వైపు తిరిగింది. ఆయన ఆ కార్డును తనే సంచిలో జారవిడిచాడు. మూలన గుడ్డ కప్పి ఉన్న తమ్ముడి మిషను దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

మూడు వారాలకు ఆ కార్డు తిరిగొచ్చింది.

చిరునామా కూడా ముప్పావు వంతే రాసి ఉంటాడని పిన్ని నవ్వింది.

అక్క నవ్వలేదు. నాలుగో అంచు కుట్టి ఉంది. ఒక కుట్టు బారెడు, ఒక కుట్టు బెత్తెడు, అన్నీ వంకరే. చివర మాత్రం తండ్రి నేర్పిన రెండు చుట్ల ముడి. అది ఈ లోకంలో ఇద్దరికే వచ్చు.

కార్డుతో ఒక కాగితం ఉంది. అక్షరాలూ ఆ కుట్లలాగే ఉన్నాయి.

"అక్కా, నాలుగు నెలలుగా నా వేళ్ళు నా మాట వినలేదు. ఇంకొకరి చేత రాయిస్తే నీకు తెలిసిపోతుందని రాయించలేదు. వచ్చిన కార్డులన్నీ చూసి పక్కన పెట్టాను. ఇదొక్కటీ అంచు లేకుండా వచ్చింది. ఎలా వదలను? ముద్ద దిగలేదు. ఆ కాస్త అంచుకు పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు కలం పట్టుకోగలుగుతున్నాను."

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. తను కుట్టేసి పంపిన అంచులు ఎనిమిది.

ఆయన ఇల్లెక్కడని పిన్నిని అడిగింది. పిన్నికి తెలియదు. ఇల్లు సరే, పేరైనా ఎవరూ అడగలేదు.

కాగితం కింద ఇంకా రాసి ఉంది.

"నువ్వు అంచు వదిలే మనిషివి కాదు. మన ఇంటి అంచు సంగతి నేను చెప్పింది ఒక్కరికే, నా చేతుల సంగతి నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నదీ ఆయన దగ్గరే. ఆయన వస్తే ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టక్కా, కాల్పుల్లోంచి నన్ను వీపున వేసుకుని తెచ్చింది ఆయనే, ఆ దారిలోనే ఆయన కుడి చెయ్యి పడిపోయింది."