ఎడమచేతి మొండితనం

"పిల్ల ఆటని మీ ఇంట్లోవాళ్ళే నాశనం చేశారయ్యా!"

సెలూన్ కుర్చీలో, గడ్డం నిండా నురగతో, కోచ్ అరిచాడు. కరెంటు పోయి గంటయింది. ఫ్యాను లేదు, టీవీ లేదు. ఉక్కకి నురగ చెమటతో కలిసి మెడ మీదికి కారుతోంది.

"కదలకండి మాస్టారూ, కత్తి గొంతు మీదుంది" అన్నాడు గడ్డం గీస్తున్న పిల్ల తండ్రి. "ఇంతకీ మేమేం చేశాం?"

"అన్నం కుడిచేత్తో తింటుంది. రాత కుడిచేత్తో. బంతి విసిరితే వికెట్టు ఎగిరి పడుతుంది, అదీ కుడిచేత్తోనే. బ్యాటు పట్టుకుంటే మాత్రం ఎడమవాటం! మూడు బంతులకి మూడుసార్లు బౌల్డు. అందుకే రేపటి జట్టు ఎంపికలో పేరు కొట్టేశాను."

మూలన వెంట్రుకలు ఊడుస్తున్న కూతురు పిచ్చుక చీపురు ఆపింది. పదకొండేళ్ళది. బక్కపలచగా ఉంటుందని ఆ పేరు. పొద్దుటి నుంచి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"మా క్రికెట్ హీరో అలాగే నిలబడతాడు సార్. ఆయన్ని చూసే నేర్చుకున్నా."

"ఆయనది కుడివాటమే తల్లీ! ఊరంతా చెప్పినా వినవేం?"

"ఎడమే! ఐదేళ్ళ నుంచి ఈ బెంచీ మీద కూర్చుని రోజూ టీవీలో చూస్తున్నా. ఊరంతా అబద్ధమాడుతోంది."

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది! ఏమయ్యా, నువ్వన్నా చెప్పవేం?"

తండ్రి నసిగాడు. "నేను జుట్టు చూస్తానా, ఆట చూస్తానా మాస్టారూ? చూసినప్పుడల్లా నాకూ ఎడమలాగే కనబడ్డాడు మరి."

"సరిపోయింది! తండ్రీకూతుళ్ళు కలిసి నా తల తింటున్నారు. ఒక్కసారి కుడివాటంగా నిలబడవే! జట్టులో చోటుకి నాది పూచీ."

"ఆయనలా ఆడకపోతే అసలు ఆడనే ఆడను."

"రేపు పోతే మళ్ళీ ఏడాదికి గాని రాదే!" తండ్రి బతిమాలాడు.

అప్పుడే కరెంటొచ్చింది. ఫ్యాను గిర్రున తిరిగింది. టీవీలో జనం హోరెత్తారు. ఆ హీరోదే బ్యాటింగు!

"అదుగో! కళ్ళు తెరుచుకుని చూడు!"

కోచ్ ఎదురుగా చూపించిన వేలు గాల్లోనే ఆగిపోయింది. హీరో ఎడమవాటంగానే నిలబడ్డాడు.

"చూశారుగా సార్! నా పేరు మళ్ళీ రాయండి!" పిచ్చుక చీపురెత్తి గెంతింది.

కోచ్ స్కోరు చదవబోయాడు. ఒక్క అంకె కొరుకుడు పడలేదు, అన్నీ తిరగబడి ఉన్నాయి. కత్తిని పక్కకి తోసి, మెడ తిప్పి, వెనక బెంచీ మీది గోడకేసి చూశాడు.

"పేరు రాస్తాను గాని, ముందు ఆ టీవీని అద్దానికి ఎదురు గోడ మీంచి పీకవయ్యా!"