అందుకునేవారితో సంబంధం

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అంటారు. దేశం కాని దేశంలో ఆరేళ్లుగా ఆవిరిలో ఉడుకుతోంది. ఈ ఏడాది ఇంటికి కప్పు పడితే చాలు, ఈ కొలువుకో దండం పెట్టి మొగుడి దగ్గరికి వెళ్లిపోవాలి. ఆమెకున్నది ఆ ఒక్క ఆశే.

పక్క మంచం రెండు నెలల కిందట వచ్చిన మడతల అమ్మాయిది. పొద్దస్తమానం దుప్పట్లు మడతపెడుతూ నవ్వుతూనే ఉంటుంది. ఆ వారం మాత్రం నవ్వలేదు. ఇంటికి చేర్చమని ఇచ్చిన రెండు నెలల జీతంతో ఏజెంటు ఉడాయించాడు.

ఇస్త్రీ అక్కకు ఒళ్లు మండింది. బ్యాంకు ఉండగా దళారీ చేతిలో ఎందుకు పోశావని చెడామడా తిట్టింది.

"మా ఆయనే బ్యాంకు వద్దన్నాడక్కా. సవాలక్ష కాగితాలు, మనకెందుకన్నాడు."

"మీ ఆయన ఏదో దాస్తున్నాడే. మా ఆయనైతే రసీదు చూడందే నిద్రపోడు."

అమ్మాయి మొగుణ్ణి వెనకేసుకొచ్చింది. పెళ్లయి ఏడాదేనట, బంగారంలాంటి మనిషట. పేరు అడిగితే మెలికలు తిరిగింది. అక్క పగలబడి నవ్వింది. ఆ మాటకొస్తే తనూ ఏనాడూ నలుగురిలో మొగుడి పేరు పలికిన పాపాన పోలేదు.

ఖాతా నంబరు ఇస్తేనే డబ్బని గట్టిగా చెప్పమంది. అతను రెండు రోజులు నసిగి, మూడో రోజు పంపాడు.

సెలవు రోజున అక్కే బ్యాంకుకు వెంటబెట్టుకెళ్లింది. అమ్మాయికి అంకెలు తప్ప అక్షరాలు రావు, కాబట్టి ఫారం తనే నింపింది. పంపేవారి పేరు, కార్డు నంబరు. దేనికోసం? ఇంటి ఖర్చులకు. అందుకునేవారితో సంబంధం? భర్త. అతని పేరు దగ్గర అమ్మాయి మళ్లీ సిగ్గుపడింది. సరేలే, అది ఆఖర్న రాద్దామని అక్క ఖాతా నంబరుకు దిగింది.

అమ్మాయి ఫోన్లో చూస్తూ ఒక్కో అంకె చదివింది. సగం దాటాక అక్క వినడం మానేసింది. చెయ్యి మాత్రం ఆగలేదు. చివరిదాకా రాసి, సరిచూసుకోమని ఫారం ముందుకు జరిపింది.

అమ్మాయి వేలు పెట్టి చూసుకుని, వారం తర్వాత మొదటిసారి నవ్వింది. "అన్నీ సరిపోయాయి. నేను చదవకముందే ఎలా రాసేశావక్కా?"

ఆరేళ్లుగా ఇస్త్రీ అక్క నెలనెలా తన మొగుడికి డబ్బు పంపుతున్నది ఆ ఖాతాకే.