హెట్టీ చూపించిన సినిమా

విల్ఫ్రెడ్ సగ్డెన్ ఆ సాయంత్రం కూడా భార్య హెట్టీ కలిపిచ్చిన కోకోను సింకులో పారబోశాడు. ఆమె వచ్చేలోపు ఖాళీ కప్పు పట్టుకుని, తాగినవాడిలా మూతి తుడుచుకున్నాడు.

లీడ్స్ పట్నంలో సొంత టోపీల కొట్టున్న పెద్దమనిషికి ఈ దొంగబుద్ధి ఒక నవల వల్ల పుట్టింది. హెట్టీ అద్దెకు తెచ్చుకున్న హత్యల నవల అది. ఆమె బజారుకు వెళ్లినప్పుడల్లా చాటుగా చదివాడు. అందులోనూ ఒక వ్యాపారి, వయసులో చిన్నదైన భార్య, రోజూ ఆమె కలిపిచ్చే కోకో. వ్యాపారి నానాటికీ నీరసించిపోతున్నాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి హెట్టీ పుస్తకం తిరిగి ఇచ్చేసింది.

ముగింపేమిటని అడిగే ధైర్యం అతనికి లేదు. ఈమధ్యే ఆమె తల్లి ఇచ్చిన పియానోను చెప్పాపెట్టకుండా అమ్మేశాడు. హెట్టీ పల్లెత్తు మాట అనలేదు. నవ్వి ఊరుకుంది. ఆ మర్నాటి నుంచే కోకో మొదలైంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే అతనికి కంటినిండా నిద్ర పట్టేది.

శనివారం సింకులో మరకలు తోముతూ ఆమే మాట కదిపింది.

"నేను చదివిన నవల సినిమాగా వచ్చింది, విల్ఫ్రెడ్. అక్కతో వెళ్లి చూశాను. ఇవాళ నువ్వూ రా."

"నాకెందుకే ఆ గోల?"

"ఎప్పుడు చూసినా ముళ్ల మీద కూర్చున్నట్టుంటావు. కాస్త తేలికపడతావు."

హాల్లో అతను కుర్చీ అంచునే కూర్చున్నాడు. తెర మీద భార్య వేషం వేసింది దేశమంతా నెత్తిన పెట్టుకున్న అందగత్తె. ఆమె కోకో కలిపినప్పుడల్లా ఇతను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. తీరా చూస్తే విషం పెట్టింది డాక్టరు. ఆ ఇల్లాలు పాపం మొగుణ్ణి బతికించుకోవాలనే తాపత్రయపడింది. విల్ఫ్రెడ్ పక్కవాళ్లు చూస్తున్నా వలవలా ఏడ్చేశాడు.

దారిలో వేయించిన చేప, చిప్స్ కొనిపెట్టాడు. ఆ పిసినారి చేయి అలా విచ్చుకోవడం హెట్టీ ఎన్నడూ చూడలేదు. పియానో విషయంలో తప్పు చేశానని గొణిగాడు. అదెప్పుడో మరిచిపోయానంది ఆమె.

ఇంటికి రాగానే కోకో తనే అడిగాడు. గుటగుటా తాగి, అడుగున మిగిలిన చక్కెర కూడా వేలితో తీసి నాకాడు. హెట్టీ కప్పు అందుకుని వెంటనే కడిగేసింది. చేతులు తుడుచుకుని అతని ఎదుట కూర్చుంది.

"పుస్తకంలో చంపింది భార్యే, విల్ఫ్రెడ్, అంత పెద్ద తారను హంతకురాలంటే జనం ఒప్పుకోరని సినిమావాళ్లు మార్చేశారు, అందుకే నీకు పుస్తకం అందకుండా చేసి సినిమా చూపించాను."