మ్యూట్‌లో ఉన్నవాళ్ళు

“గొంతు తగ్గించమ్మా, ఓబులేసన్న మాట్లాడ్తాండాడు!” చెవి దగ్గర ఫోను తీయకుండానే కసిరాడు షరీఫ్.

దిల్షాద్‌బీకి ఒళ్ళు మండిపోయింది. రేపు పోలింగు. జమ్మలమడుగులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పెద్దకొడుకు షరీఫ్, ఓబులేసన్న పార్టీ. వెనక గదిలో చిన్నకొడుకు జమీర్, నాగశేషన్న పార్టీ. అన్నదమ్ములకు రెండేళ్ళుగా మాటల్లేవు. మిట్టమధ్యాహ్నం అన్నం కూడా ముట్టకుండా ఇద్దరూ చెరో మీటింగు వింటున్నారు.

ఒకరి మనుషులు ఒకరిని నరుకుతారన్న భయంతో నాయకులిద్దరూ ఊరొదిలి, ఎక్కడున్నారో కూడా చెప్పకుండా ఫోన్లలోనే మీటింగులు పెడుతున్నారు. తమ ప్రాణమంటే అంత తీపి ఆ పెద్దమనుషులకు! నాగశేషన్నది ఉత్త భయం కాదులెండి. ఓబులేసన్న మనుషులు మెడ మీద వేసిన వేటుకు ఆయన గొంతు శాశ్వతంగా బొంగురుపోయింది. ఆ గొంతు ఎక్కడ విన్నా జిల్లాలో ఎవరైనా గుర్తుపడతారు.

వెనక గదిలోంచి అదే వినబడుతోంది. “మీ మీద బెంగతో మూడ్రోజులుగా నాకు ముద్ద దిగడంల్యా. రేపు బూతుకాడ ఒక్కడు వెనక్కి తగ్గినా నా శవాన్నే చూస్తారు. ఉంటా.”

జమీర్ మంచం కిందున్న వేటకొడవలి తీసి నడుముకు దోపుకుని వచ్చాడు.

“యాడికిరా?” గడపకు అడ్డం నిలబడింది దిల్షాద్‌బీ.

“బూతుకాడికి. ఇప్పట్నుంచే కాపలా.”

“ఆడ ఎదురుగా నిలబడేది మీ అన్నరా!”

“అన్నయితే ఏంది? అడ్డమొస్తే నరుకుతా.”

“నేనూ ఆడికే వస్తాండా, మీటింగు అయిపోనీ,” అన్నాడు షరీఫ్ తమ్ముడి వైపు చూడకుండానే.

ఆమె పెద్దోడి ఫోను లాక్కుని స్పీకరు నొక్కింది. “వాళ్ళల్లో ఒక్కడూ కొంపకు తిరిగి పోగూడదు,” అంటున్నాడు ఓబులేసన్న.

“ఓరి ఓబులేసూ! నా మొగుణ్ణి మీ బాంబులకిస్తిని. ఇప్పుడు బిడ్డలిద్దర్నీ అడుగుతాండావా? నీ కొడుకు బెంగుళూరులో సదువుకుంటాండాడు గదా, వాణ్ణి పంపరా బూతుకాడికి!”

“ఎందుకమ్మా అరుస్తావు? మనమంతా మ్యూట్‌లో ఉండాం. మన మాట ఆయనకు పోదు,” అన్నాడు షరీఫ్.

“ఎప్పుడు పోయిందిరా మన మాట!”

ఫోన్లో ఓబులేసన్న “అయిపాయ, ఉంటా,” అన్నాడు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. లైను మాత్రం కట్ కాలేదు. కంచాలు సర్దుతున్న శబ్దం వచ్చింది.

“బావా, సంగటి చల్లారిపోతాంది రా,” అన్నదో బొంగురు గొంతు.