సగం సీటు

మా ఆయన ఏసోబు నడుముకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. నొప్పి పోలేదు. వేషాలేస్తున్నాడని నేనూ అన్నాను.

కొత్తగా వచ్చిందని అందరిలాగే మా గోడకీ నిన్న నొప్పి అద్దం తగిలించాం. నొప్పి పుట్టే చోటు అందులో ఎర్రగా కనిపిస్తుంది. ఇవాళ మూడో ఆపరేషన్‌కి బయల్దేరుతూ తల దువ్వుకోడానికి దాని ముందు నిలబడ్డాడు. నడుము మామూలుగానే ఉంది. కుడి తుంటి కీలు నిప్పులా ఉంది.

"అయ్యో, నడుముని ఊరికే కోశారయ్యా!"

"నొప్పి నిజమేగా? నాటకం కాదుగా?" అంటూ ఏడుస్తూనే నవ్వాడు.

ఇరవై ఏళ్లు తన సీట్లోనే పక్కన ప్యాసింజర్‌ని ఇరికించుకుని, ఒక్క తుంటి మీదే ఆటో నడిపాడు మరి!

ఆపరేషన్ వద్దని ఆస్పత్రికి ఫోన్ చేసి, కుర్చీ వేశాను. అలవాటుగా అంచునే కూర్చున్నాడు.

"నిండా కూర్చోవయ్యా. పక్కన ఇంకెవరూ ఎక్కరు."